కట్టినవాళ్లే విప్పాలి

మధ్యాహ్నం రెండు గంటల ఐదు నిమిషాలకు మోకుల ఫ్యాక్టరీలో పీచు దువ్వే యంత్రంలో తొమ్మిదేళ్ల పిల్ల కుడి చెయ్యి పడింది. అదే రోజు రాత్రి ఎనిమిది గంటల యాభై నిమిషాలకు, తొంభై కిలోమీటర్ల దూరంలోని జిల్లా ఆసుపత్రిలో, ఆ చేతిని మోచేతి పైనుంచి తీసేశారు. తియ్యడానికి ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం పెట్టినామె, సంబంధం అని ఉన్న గడిలో తల్లి అని రాసింది. ఆమె కన్నతల్లి కాదు. కన్నతల్లి ఆ సమయంలో కింది అంతస్తులో ఫోను దగ్గర ఉంది. చెయ్యి తియ్యడానికి వీల్లేదని ఆమె అప్పటికే మూడుసార్లు చెప్పింది.

పిల్లని ఫ్యాక్టరీలో అందరూ పిట్ట అంటారు. కన్నతల్లి కాటా దగ్గర పనిచేస్తుంది. కట్టిన బేళ్లను తూకం వేసి గోడౌనుకి పంపుతుంది. ఆమెని కాటా ఆవిడ అంటారు. పెంచినామె బేళ్లు కట్టే గదిలో పనిచేస్తుంది. ఆమెకి ముడులక్క అని పేరు. ఆమె కట్టిన బేలు విప్పాలంటే పొరుగూరి నుంచి మనుషుల్ని పిలిపించాలని ఆ గదిలో వాళ్ల హాస్యం.

తొమ్మిదేళ్ల కిందట ఇద్దరూ ఒకే గదిలో, ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని పని చేసేవాళ్లు. పిట్టకి ఏడో నెల నడుస్తుండగా తండ్రి ఇల్లొదిలి వెళ్లిపోయాడు. కన్నతల్లికి వేరే ఊళ్లో పని దొరికింది. అక్కడ చంటిపిల్లలతో రానివ్వరు. పది రోజులు చూసుకోమని బిడ్డని ఎదుటి బల్ల ఆవిడకి ఇచ్చి బస్సెక్కింది. మొదటి ఏడాది లారీ డ్రైవర్లతో కబురు పంపేది. తర్వాత కబురు ఆగిపోయింది. వెళ్లిన ఏడేళ్లకి, అంటే ఈ ఘటనకి ఏడాదిన్నర ముందు, మళ్లీ పెళ్లి చేసుకుని భర్తతో తిరిగొచ్చింది. ఆయన బట్టలు కుడతాడు. వాళ్లకి పిల్లల్లేరు.

వచ్చిన వారానికే బిడ్డని ఇమ్మని అడిగింది. పిట్ట వెళ్లనంది. ఫ్యాక్టరీ మేస్త్రీ మధ్యవర్తిగా కూర్చుని ఒక ఏర్పాటు చేశాడు. పిట్ట ముడులక్క ఇంట్లోనే పడుకుంటుంది, చదువుకుంటుంది. సెలవు రోజున కాటా ఆవిడ ఇంట్లో తింటుంది. ముడులక్కని అమ్మ అంటుంది, కాటా ఆవిడని అత్త అంటుంది. ఈ ఏర్పాటు ఇద్దరికీ నచ్చలేదని మేస్త్రీయే చెప్పాడు.

ఒకసారి కాటా దగ్గర వరసలో పదిమంది నిలబడి ఉండగా కాటా ఆవిడ అందరికీ వినపడేలా, చూసుకోమని ఇస్తే సొంతం చేసేసుకుందమ్మా అంది. ముడులక్క తన బేలుని కాటా మీదకి దొర్లించింది.

"పది రోజులన్నావు. నేను లెక్కపెడుతూనే ఉన్నా చెల్లీ. పదకొండో రోజు ఇంకా రాలేదు."

వరసలో వాళ్లు నవ్వారు. కాటా ఆవిడ ఆ బేలు తూకం రెండుసార్లు తప్పు చదివింది.

ఆ ఫ్యాక్టరీలో బేలు కట్టే పద్ధతి ఒకటుంది. పురికొసతో ముడి వేశాక, ఆ ముడిలోంచి ఒక రేకు బిళ్ల దూర్చి బిగిస్తారు. బిళ్ల మీద కట్టినవాళ్ల నంబరు ఉంటుంది. ముడులక్కది నలభై ఒకటి. బిళ్ల ఉన్న ముడిని ఇంకొకరు ముట్టుకోరు. వదులైనా, తప్పుగా పడినా, కట్టినవాళ్లని పిలిచి వాళ్లతోనే విప్పిస్తారు. పన్నెండేళ్ల కిందట ఒకామె తొందర కొద్దీ పక్కామె ముడి విప్పి మళ్లీ కట్టింది. ఆ బేలు గోడౌనులో పైవరస నుంచి ఊడి కింద ఉన్న హమాలీ నడుం మీద పడింది. అతను మళ్లీ లేచి నడవలేదు. కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజే ఈ సంగతి చెబుతారు. ముడి వెయ్యడం ఆ తర్వాత నేర్పుతారు.

ఆ రోజు బడి ఒంటిపూట. పిట్ట ఒంటిగంటకి ఫ్యాక్టరీకి వచ్చింది. పిల్లల గదిలో ఉండాల్సింది, దువ్వెన యంత్రం దగ్గరికి వెళ్లింది. భోజనాల వేళ కాబట్టి యంత్రం ఆగి ఉంది. ఇనుప పళ్ల మధ్య పీచు ముద్ద ఒకటి ఇరుక్కుని ఉంది. ఆడవాళ్లు దాన్ని చేత్తో లాగి తియ్యడం ఆ పిల్ల రోజూ చూసేది. రెండింటికి గంట కొట్టారు. స్విచ్చి వేసే మనిషి నిలబడే చోటు నుంచి యంత్రం అవతలి వైపు కనపడదు.

కేక విని మొదట వచ్చింది ముడులక్క. యంత్రం ఆపించి, పళ్లని చేత్తో వెనక్కి తిప్పించి, చెయ్యి బయటికి తీసింది. ముంజేయి నలిగిపోయి ఉంది. నెత్తురు ధారగా కారుతోంది. ఆమె నడుముకి చుట్టుకున్న పురికొస తీసి మోచేతి పైన మూడు చుట్లు చుట్టి, ముడి వేసి బిగించింది. నెత్తురు ఆగింది. అక్కడున్న నలుగురూ ఈ మాట ఒకేలా చెప్పారు. ఆ నలుగురూ చెప్పిన ఇంకో మాట కూడా ఉంది. ముడి బిగించేటప్పుడు ఆమె మెడలో వేసుకునే తన నంబరు బిళ్లల దండ నుంచి ఒక బిళ్ల తీసి అందులో దూర్చింది. ఎందుకు దూర్చావని తర్వాత విచారణలో అడిగారు. తనకి గుర్తు లేదని, చెయ్యి దాని పని అది చేసుకుపోయి ఉంటుందని చెప్పింది.

పని వేళల్లో ఫ్యాక్టరీ దాటాలంటే మేస్త్రీ సంతకంతో గేటు పాసు కావాలి. ముడులక్క పిల్లని గేటు దగ్గర బల్ల మీద పడుకోబెట్టి పాసు కోసం పరిగెత్తింది. మేస్త్రీ అప్పుడు మెయిన్ స్విచ్చి గదిలో ఉన్నాడు. పాసు మీద టైము రెండు ముప్ఫై ఒకటి. గేటు పుస్తకంలో వ్యాను బయటికి వెళ్లిన టైము రెండు ఇరవై నాలుగు.

వ్యానులో డ్రైవరు పక్కన ఒక సీటు, వెనక ఒక మనిషికి చోటు ఉన్నాయి. వెనక పిల్లని పడుకోబెట్టారు. ఆసుపత్రిలో తల్లి ఎవరని అడుగుతారని వాచ్‌మన్ పిల్లల గది పుస్తకం తెప్పించి చూశాడు. తొమ్మిదేళ్ల కిందట రాసిన కన్నతల్లి పేరు అందులో అలాగే ఉంది. దాన్ని మార్చాల్సిన అవసరం అప్పటిదాకా ఎవరికీ పడలేదు. కాటా ఆవిడ అప్పటికే గేటు దగ్గర ఉంది. ఎక్కమన్నాడు, ఎక్కింది.

"నెత్తురోడుతున్న పిల్లని పెట్టుకుని పాసు వచ్చేదాకా ఆగమంటారా?" అని వాచ్‌మన్ విచారణలో అడిగాడు. ఆగమని ఎవరూ అనలేదు.

ముప్ఫై ఐదో కిలోమీటరు దగ్గర వంతెన మీద సరుకు లారీ ఒకటి అడ్డం తిరిగి ఉంది. వ్యాను అక్కడ రెండు గంటలు నిలబడిపోయింది. పిల్ల నొప్పికి మెలికలు తిరుగుతూ అత్తా విప్పు, అత్తా విప్పు అని అడిగిందని డ్రైవరు చెప్పాడు. ఎన్నిసార్లంటే, ఆరేడుసార్లు అన్నాడు. కాటా ఆవిడ సీట్లోంచి వెనక్కి వంగి ముడి మీద చెయ్యి వేసింది. బిళ్ల వేళ్లకి తగిలింది. చెయ్యి తీసేసింది.

"నేనూ అద్దంలో చూస్తూనే ఉన్నానండీ," అన్నాడు డ్రైవరు. "బిళ్ల ఉంది కదా. ఎవరు ముట్టుకుంటారు?"

వంతెన దగ్గర ఆగిన బస్సులో ఒక కాంపౌండరు ఉన్నాడు. ఎవరో చెబితే వచ్చి చూశాడు. కట్టు బాగా పడిందని, ఒక్క చుక్క కారడం లేదని మెచ్చుకున్నాడు. ఇలాంటి కట్టుని మధ్యమధ్యలో ఒకసారి వదులు చెయ్యాలని కూడా చెప్పాడు. కాటా ఆవిడ, కట్టినావిడ వెనకాలే వస్తోంది, ఆవిడే విప్పుతుందని చెప్పింది. కాంపౌండరు బస్సు దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ ఇద్దరిలో ఎవరికీ ఎదుటివాళ్ల మాటలో తప్పు కనపడలేదు.

కట్టినావిడ నిజంగానే వెనకాల వస్తోంది. మూడుంపావు బస్సు దొరికింది. అదీ వంతెన దగ్గర ఆగింది. ఆమె దిగి, లారీ పక్క నుంచి వంతెన దాటి, అవతల పదకొండు కిలోమీటర్లు నడిచింది. అక్కడి నుంచి కూరగాయల బండి, మళ్లీ బస్సు. ఆమె వంతెన దాటే సమయానికి వ్యాను ఇంకా వంతెనకి ఇవతలే, ఆగిన బళ్ల వరసలో ఎక్కడో ఉండాలి. ఆమె ఆ వరస వెంట నడిచి రాలేదు. బస్సు ఆ వరసని పక్క నుంచి దాటుకుని ముందు దాకా వచ్చేసింది. వ్యాను ఎప్పుడో దాటి వెళ్లిపోయి ఉంటుందని ఆమె అనుకుంది.

వ్యాను ఆసుపత్రికి ఆరూ నలభైకి చేరింది. క్యాజువాల్టీలో నర్సు కత్తెర తీసింది. కాటా ఆవిడ ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఆగండమ్మా, కట్టినావిడ వస్తోంది."

"వచ్చేసరికి ఏం మిగులుతుంది?" అని నర్సు పురికొస కోసేసింది. టైము ఆరూ నలభై నాలుగు. బిళ్లని ట్రేలో వేసింది. కట్టి అప్పటికి నాలుగున్నర గంటలు దాటింది.

సర్జన్ ఏడింటికి చూశాడు. ఇరవై నిమిషాలు ఆగి మళ్లీ చూశాడు. వేళ్లకి రంగు తిరిగి రాలేదు. నలిగిన కండ చచ్చిందని, ఆ విషం ఒంట్లోకి ఎక్కుతోందని, జ్వరం మొదలైందని, చెయ్యి ఉంచితే పిల్ల ఉండదని కాటా ఆవిడకి చెప్పాడు. కాగితం చేతికిచ్చాడు. ఆమె వద్దంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్తానంది. అది అక్కడి నుంచి ఐదు గంటల దారి. ఏడున్నరకి మళ్లీ అడిగాడు. వద్దంది. ఎనిమిదికి మళ్లీ అడిగాడు. ఈసారి కాగితం తిరిగిచ్చేసి, బండి మాట్లాడమని భర్తకి ఫోను చెయ్యడానికి కిందికి దిగింది. లైను కలవడానికి చాలాసేపు పట్టింది.

ఎందుకు ఒప్పుకోలేదని విచారణాధికారి తర్వాత ఆమెని అడిగాడు.

"ఏడేళ్లకి తిరిగొచ్చానండీ. దానికి తల్లిగా నేను పెట్టే మొదటి సంతకం ఇదా?" అంది.

ముడులక్క ఎనిమిదీ ఇరవైకి వచ్చింది. ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడలేదు. ఆసుపత్రికి మెట్లు రెండు వైపులా ఉన్నాయి. వార్డులో ఆమె ముందు పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది. తర్వాత పిల్ల వేళ్లని ఒక్కొక్కటే పట్టుకుని గోరు నొక్కి వదిలింది. ఐదు వేళ్లూ అలాగే చూసింది. అప్పుడు సర్జన్ వైపు తిరిగింది. ఆయన అంతకు ముందు చెప్పిందే మళ్లీ చెప్పాడు. ఆమె మధ్యలో ఏమీ అడగలేదు. చివర్లో ఒకటే అడిగింది.

"ఎంత పైదాకా తీస్తారు?"

సర్జన్ తన చేతి మీద చూపించాడు. ఇంకొంచెం కిందికి కుదరదా అంది. కుదరదన్నాడు. కుళ్లిన మోకుని కూడా మంచి చోటు చూసుకుని పైనుంచే కోస్తాం లెండి అని ఆమె అన్నట్టు ఆయన వాంగ్మూలంలో ఉంది. కాగితం అడిగింది.

నర్సు కాగితం ఇవ్వకుండా చేత్తో పట్టుకుంది. ఇందాక ఒకామె తల్లినంది, ఇప్పుడు నువ్వంటున్నావు, పిల్లకి తల్లులెందరమ్మా అంది.

"ఆమే తల్లి. ఆమె పెట్టలేకపోయింది, నేను పెడతా."

"రేపు లేచాక చెయ్యేదని అడుగుతుంది. ఎవరు తియ్యమన్నారని అడుగుతుంది."

"నేనని చెప్పండి. ఆమె వద్దందని కూడా చెప్పండి."

"అదెందుకు?"

"ఒకరన్నా మిగలాలి కదమ్మా దానికి."

నర్సు ఈ మాటల్ని విచారణలో చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదని తర్వాత అంది.

ముడులక్కకి సంతకం వచ్చు. మేస్త్రీ దగ్గర హాజరు పుస్తకంలో పెట్టడానికి నేర్చుకుంది. పేరు రాసి, పక్క గడిలో తల్లి అని రాసింది. ఎనిమిదీ ముప్ఫై ఐదుకి పిల్లని లోపలికి తీసుకెళ్లారు.

కాటా ఆవిడ బండి కుదిరిందని చెప్పడానికి తొమ్మిదింటికి పైకొచ్చింది. మంచం ఖాళీగా ఉంది. ఆపరేషన్ గది బయట బెంచీ మీద ముడులక్క కూర్చుని ఉంది. వార్డు ఆయా అక్కడే నేల తుడుస్తోంది. కాటా ఆవిడ ముందు తలుపు మీద రెండు చేతులతో కొట్టింది. లోపలి నుంచి ఎవరూ రాలేదు. అప్పుడు బెంచీ దగ్గరికొచ్చింది.

"ఎవర్ని అడిగి తీయించావు?"

"అడగడానికి టైము లేదు చెల్లీ."

"ఆ ముడి వేసింది నువ్వు. దాని చెయ్యి చంపింది నువ్వు. ఇప్పుడు కోయించిందీ నువ్వే."

"అవును."

"అవునంటావేం? నీ ముడి కాబట్టే నేను విప్పలేదు. దారంతా ఏడ్చింది. నీ బిళ్ల చూసి విప్పలేదు."

ముడులక్క ఆమె మొహంలోకి చూసింది. అంతవరకూ తనకి ఆ సంగతి తెలియదు. దారిలోనే ఎవరో ఒకరు వదులు చేసి ఉంటారని అనుకుంటూ వచ్చింది. తర్వాత కాటా ఆవిడ అదే బెంచీకి ఆ చివర కూర్చుందని, లోపల్నుంచి పిల్లని తెచ్చేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారని ఆయా చెప్పింది.

పిట్ట మర్నాడు పొద్దున కళ్లు తెరిచింది. చెయ్యి గురించి మధ్యాహ్నం దాకా అడగలేదు. దుప్పటి తీసి చూసుకున్నాక అడిగింది. నర్సు సమాధానం చెప్పేలోపే ముడులక్క, నేనే తియ్యమన్నానమ్మా అంది. పిట్ట, అత్త ఏమందని అడిగింది. వద్దందని ముడులక్కే చెప్పింది. పిట్ట గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రోజు నుంచి ముడులక్క అన్నం కలిపి పెడితే తినలేదు. కాటా ఆవిడ పెడితే తింది. మూడో రోజు నుంచి ముడులక్క అన్నం కలిపి, గిన్నె కాటా ఆవిడ చేతికిచ్చి, వార్డు బయటికి వచ్చి నిలబడేది.

పిట్ట ఆసుపత్రిలో ఇరవై రెండు రోజులు ఉంది. పద్దెనిమిదో రోజున కాటా ఆవిడ ఫిర్యాదు ఇచ్చింది. కాగితం మీద తల్లి అని అబద్ధం రాసినందుకు పోలీసులు ముడులక్కని రెండుసార్లు పిలిచి, హెచ్చరించి పంపేశారు. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న సంగతి పిల్లల సంరక్షణ విచారణాధికారి దగ్గరికి వెళ్లింది.

విచారణ మూడు రోజులు జరిగింది. మేడ మీద గది. ఒక బల్ల, దాని వెనక అధికారి, పక్కన టైపిస్టు, ఎదురుగా రెండు కుర్చీలు. మిగిలినవాళ్లు వరండాలో. కాటా ఆవిడని కాగితాల్లో మొదటి పక్షం అన్నారు, ముడులక్కని రెండో పక్షం అన్నారు. మొదటి పక్షానికి లాయరు ఉన్నాడు. రెండో పక్షం తరఫున మేస్త్రీ వచ్చాడు. ఆయన వాంగ్మూలం పాతిక నిమిషాలు సాగింది. అందులో పదిహేను నిమిషాలు మెయిన్ స్విచ్చి తన పరిధిలోకి రాదని చెప్పడానికే అయ్యాయి.

సర్జన్ రెండు విషయాలు చెప్పాడు. ఇంకో రెండు గంటలు ఆగి ఉంటే పిల్ల బతికేది కాదు. దారిలో కట్టు వదులు చేసి ఉంటే చెయ్యి కొంతైనా మిగిలేదా అంటే, మిగిలి ఉండొచ్చు, మిగలకపోనూ వచ్చు, చెప్పలేనన్నాడు. ఫ్యాక్టరీ పద్ధతి గురించి అధికారి ఐదుగురిని అడిగాడు. ఐదుగురూ బిళ్ల ఉంటే ముట్టుకోమనే చెప్పారు. పిల్ల చేతికి ఉన్నా ముట్టుకోరా అని అధికారి డ్రైవర్ని అడిగాడు. ఇప్పుడు అడిగితే ముట్టుకుంటామనే అంటానండీ అన్నాడు డ్రైవరు.

రెండో రోజు లాయరు ఒక కథ చెప్పాడు. చిన్నప్పుడు అందరూ విన్న కథే అన్నాడు. ఇద్దరాడవాళ్లు ఒక బిడ్డ కోసం కొట్లాడుకుంటారు. నా బిడ్డంటే నా బిడ్డంటారు. తీర్పు చెప్పే పెద్దమనిషి కత్తి తెప్పించి, బిడ్డని చెరిసగం చేసి ఇస్తానంటాడు. ఒకామె సరేనంటుంది. ఇంకొకామె వద్దు, కొయ్యొద్దు, దానికే ఇచ్చెయ్యండని కాళ్ల మీద పడుతుంది. తల్లెవరో పెద్దమనిషికి తెలిసిపోతుంది. మా పక్షం మూడుసార్లు వద్దంది సార్, ఎదుటి పక్షం ఎంత పైదాకా అని అడిగింది, ఇంతకంటే నేను చెప్పేదేముంది అని లాయరు కూర్చున్నాడు. వరండాలో ఎవరో అవును, అవును అన్నారు. టైపిస్టు టైపు చెయ్యడం ఆపి వింటోంది.

అధికారి ముడులక్కని ఏమైనా చెబుతావా అని అడిగాడు.

"కథ బాగుందండీ," అంది. "ఆ బిడ్డకి జబ్బేమీ లేదు కదా."

అధికారి ఇంకేమైనా ఉందా అన్నాడు. లేదంది. కథ గానీ, ఈ మాట గానీ రికార్డులో లేవు.

మూడో రోజు పిట్టని పిలిచారు. ఇద్దరినీ బయటికి పంపి తలుపు వేశారు. ఆ తలుపు పైన ఉన్న చిన్న కిటికీకి అద్దం లేదు. వరండాలో ఉన్నవాళ్లకి అంతా వినపడింది. అధికారి ముందు బడి గురించి అడిగాడు, ఎడమ చేత్తో రాయడం వస్తోందా అని అడిగాడు. సున్నాలు వస్తున్నాయంది. ఎవరి దగ్గర ఉంటావమ్మా అన్నాడు. తొందరేం లేదన్నాడు అధికారి.

"అమ్మ నా చెయ్యి కొయ్యమంది. అత్త వద్దంది. నేను అత్తతో పోతా."

మళ్లీ చెప్పమంటే మళ్లీ అదే చెప్పి ఏడ్చింది. ఏడుపు ఆపడానికి టైపిస్టు లేచి మంచినీళ్లు తేవాల్సి వచ్చింది. వరండాలో ముడులక్క రెండడుగులు తలుపు దాకా వెళ్లింది. కాటా ఆవిడ ఆమెకంటే ముందు తలుపు తీసుకుని లోపలికి పోయింది. ముడులక్క వెనక్కొచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. మేస్త్రీ ఆమెతో, చిన్నపిల్ల, దానికేం తెలుసు, రేపు నీ దగ్గరికే వస్తుందిలే అన్నాడు.

రికార్డులో ఈ భాగం మూడు వరసలు ఉంది. రెండో పక్షం తన చేతిని తొలగించమని చెప్పినదనియు, మొదటి పక్షం వలదని చెప్పినదనియు, తాను మొదటి పక్షముతో వెళ్లుటకు ఇష్టపడుచున్నాననియు బాలిక చెప్పినది. అమ్మ అన్న మాట గానీ, అత్త అన్న మాట గానీ అందులో లేవు.

తీర్పు ఆ నెల ఇరవయ్యో తారీఖున వచ్చింది. బాలికని కన్నతల్లి అయిన మొదటి పక్షానికి అప్పగించారు. ముప్ఫై రోజుల్లో పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చని కింద రాసి ఉంది. ఆ సాయంత్రమే కాటా ఆవిడ, ఆమె భర్త వచ్చి పిట్ట బట్టలు, పుస్తకాలు పట్టుకెళ్లారు. ముడులక్క వాటిని ముందే రెండు సంచుల్లో సర్ది గుమ్మంలో పెట్టింది. చొక్కాల కుడిచేతులన్నీ మోచేతి పైదాకా మడిచి కుట్టి ఉన్నాయి.

అప్పీలు చేస్తే గెలుస్తావని ఆమెకి ఇద్దరు చెప్పారు. ఒకరు సర్జన్. రెండో మనిషి కచేరీ బయట అర్జీలు రాసే ఆయన. సర్జన్ తన వాంగ్మూలం మళ్లీ చెబుతానన్నాడు. అర్జీలాయన అర్జీ రాసిచ్చాడు. నాలుగు పేజీలు. ముడులక్క ప్రతి పేజీ కింద సంతకం పెట్టింది.

ముప్ఫయ్యో రోజు మధ్యాహ్నం మూడింటికి ఆమె అప్పీళ్ల ఆఫీసుకి వెళ్లింది. అర్జీలు తీసుకునే కిటికీ దగ్గర ఆమె ముందు ఇద్దరే ఉన్నారు. ఆమె వంతు వచ్చింది. గుమాస్తా కాగితాలు తీసుకుని, పేజీలు తిప్పి, అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నాడు. ముద్ర వెయ్యబోతుంటే ఆమె ఆగమని, ఒక సంగతి అడిగింది.

"ఇది తీసుకుంటే పిల్లని మళ్లీ పిలుస్తారా అండీ?"

"పిలుస్తారమ్మా. పిల్ల మాటే కదా ముఖ్యం."

"ముందు చెప్పిందే మళ్లీ చెప్పాలా?"

"మళ్లీ మొదట్నుంచీ చెప్పాలి. పైన ఇద్దరు కూర్చుంటారు. ఇద్దరూ అడుగుతారు."

ఆమె కిటికీలోంచి చెయ్యి చాపి కాగితాలు వెనక్కి తీసుకుంది. కొంచెం ఆలోచించుకుంటానంది. ఐదింటిదాకా టైముందని గుమాస్తా చెప్పాడు. ఆమె ఎదుటి బల్ల మీద కూర్చుంది. ఆమె తర్వాత పదకొండుమంది వచ్చి వెళ్లారు. నాలుగున్నరకి గుమాస్తా ఆమె వైపు చూసి, అమ్మా, గడువు ఇవాల్టితో సరి అన్నాడు. తెలుసండీ అంది.

ఐదు గంటలకి కిటికీ మూసేశారు. ఆ రోజు దాఖలైన అప్పీళ్లు ఏడు. వాటిలో ఆమెది లేదు.